నీళ్ళ బిందెలు ప్రాక్టీసు కిందికి వస్తాయా?

మేము చిన్నగా ఉన్నప్పుడు... తెల్లారితే చాలు, బోరింగు దగ్గర బిందెల చప్పుడు. సోమల ఊరి పక్కన మా పల్లె. అమ్మ మసక వెలుతురులోనే టమాటా కోతకు పోయేది, నాన్న గొర్రెల వెంట పోయేవాడు. వాకిలి ఊడ్చి సాన్పి చల్లడం, కొట్టంలో పేడ తీయడం, ఎనిమిది బిందెల నీళ్ళు తేవడం... అన్నీ నా పనులే.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. పుంగనూరులో ఆటల పోటీలు వస్తున్నాయని బడిలో పరుగు పందెం పేర్లు రాసుకున్నారు. మొదట నా పేరు కూడా ఉంది. బడి గంటకు ముందే గ్రౌండులో ప్రాక్టీసు. నీళ్ళు తెచ్చేసరికి నాకు ఆలస్యమయ్యేది. నాలుగు రోజులు చూసి, మా డ్రిల్లు మాస్టారు బాషా సార్ నా పేరు కొట్టేశారు.

"నీళ్ళు మోసి వస్తాండాను సార్" అన్నాను.

"అది ఇంటి పని పాపా. ఇది ప్రాక్టీసు. రెండూ ఒకటి కాదు" అన్నారాయన.

సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ సంగతంతా అడిగి తెలుసుకుంది. మర్నాడు కోతకు పోకుండా, కొంగు నడుముకు చుట్టుకుని నాతో పాటు బడికి వచ్చింది.

"సారూ, పిల్లోళ్ళని గ్రౌండు సుట్టూ ఎన్ని తూర్లు తిప్పుతారు?"

"ఐదు రౌండ్లమ్మా."

"మా పాప బోరింగు కాడికి ఎనిమిది తూర్లు పోయొస్తాది. వొచ్చేటప్పుడు సంకన నిండు బిందె. అది యాల లెక్కలోకి రాదు?"

సార్ నవ్వారు. "పని చేసేవాళ్ళందరూ పరిగెత్తలేరమ్మా."

"అట్లయితే పరిగెత్తిచ్చి సూడండి."

పరిగెత్తాను... రెండు రౌండ్లు బాగానే పోయాయి. మూడో రౌండులో పక్కటెముకల కింద పట్టేసింది. ఊపిరి అందలేదు. నాలుగో రౌండులో నడిచాను. ఐదోది పూర్తి చేసేటప్పటికి అందరూ చెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగుతున్నారు. అమ్మ ముఖం చూడాలంటే సిగ్గేసింది.

ఇక అయిపోయిందనుకున్నాను. కానీ మర్నాడు పొద్దున్నే సార్ సైకిలేసుకుని మా బోరింగు దగ్గరికి వచ్చారు! ఒక పక్కన నిలబడి నేను మూడు బిందెలు తీసుకుపోయేదాకా చూశారు.

"మీ అమ్మ చెప్పింది నిజమే పాపా. కాళ్ళల్లో బలం ఉండాది. కానీ బిందెతో నువ్వు నిదానంగా నడుస్తావు, ఊపిరికి పని లేదు. పైగా ఎప్పుడూ ఎడమ పక్కే ఎత్తుకుంటాండావు. అందుకే నిన్న ఒరిగిపోయి పరిగెత్తినావు."

ఆయన చెప్పింది రెండే మాటలు. వట్టి బిందెతో పోయేటప్పుడు పరిగెత్తాలి. నిండు బిందె ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క ఎత్తుకోవాలి.

మూడు వారాలు అదే పని... కుడి పక్కకు బిందె నిలిచేది కాదు, పావడా తడిసిపోయేది. బోరింగు పక్కింటి అవ్వ రోజూ అడిగేది, "యాలమ్మే ఆ పరుగు? ఎవురన్నా తరుముకొస్తాండారా?" అని. నేను ఆగితే కదా జవాబు చెప్పేది!

సార్ నా పేరు మళ్ళీ రాసుకున్నారు. పుంగనూరులో చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మూడో స్థానం. ఒక స్టీలు గ్లాసు ఇచ్చారు. తిరిగొచ్చాక నేను సార్ దగ్గరున్న ప్రాక్టీసు హాజరు పుస్తకం చూస్తే, ఆ మూడు వారాలూ నా పేరు ఎదురుగా 'ప్రాక్టీసు' అని రాసి ఉంది.

అమ్మకు చెబితే... "మూడోదా? సరే, వొచ్చే ఏడు రెండోది" అని సంగటి కెలకడానికి పోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే...

ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నాను. షుగరు వచ్చే అంచున ఉన్నానని, బరువు తగ్గాలని డాక్టరమ్మ హెచ్చరించింది. మా అమ్మాయి ఫోన్లో కేలరీల యాప్ పెట్టింది. అందులో 'ఇంటి పని' అని కూడా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది! గంటసేపు వంట, అరగంట ఇల్లు తుడవడం... అన్నీ ఎక్కించాను. ఇంకా ఇంత తినొచ్చని ఫోన్ చెప్పడం, నేను రెండు చెనిక్కాయ ఉండలు తినడం. నెల తిరిగినా బరువు కదల్లేదు.

"ఇల్లు తుడవడం ఎక్సర్‌సైజ్ కాదు మా. దాన్ని రాసుకుని దానికి తగ్గట్టు తింటాండావు నువ్వు" అంది మా అమ్మాయి.

కోపం వచ్చింది. ఆనాడు అమ్మ బడికి వచ్చినప్పుడున్నంత కోపం! ఇంటి పనికి విలువ లేదంటే నేను ఒప్పుకోను, ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ మధ్యాహ్నం నిజాయితీగా ఆలోచించాను. బట్టలు మెషిన్ ఉతుకుతోంది. పిండి గ్రైండర్ రుబ్బుతోంది. నేను చేసే పనిలో ఒక్కసారైనా ఊపిరి వేగం అందుకుంటోందా? లేదు.

అందుకే ఇంటి పనిని యాప్‌లో రాయడం మానేశాను. పని మానలేదు... దాని పేరు చెప్పి తినడం మానేశాను. తడి బట్టల బకెట్టు మేడమీదికి నేనే మోసుకుపోతున్నాను. పొద్దున్నే నలభై నిమిషాలు వేగంగా నడుస్తున్నాను. మొదటి వారం మోకాళ్ళు ఏడ్చాయి. ఇప్పుడు రెండు నెలలైంది, ఒక్కరోజు కూడా తప్పలేదు. వచ్చే నెల మళ్ళీ రక్త పరీక్ష. అంకె ఎంత వచ్చినా సరే, ఈ నడక ఆపేది లేదు.

ఒకప్పుడు ఒళ్ళు అలిసిపోవడానికి వేరే టైం పెట్టుకోవాల్సి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, మా పల్లెలో అందరం నవ్వేవాళ్ళం... ఈరోజు దానికే అలారం పెట్టుకుంటున్నాం.

మీ ఇళ్ళల్లో ఒకప్పుడు మీకు ఊపిరి ఆడనివ్వని పని ఏది? ఇప్పుడు దాన్ని ఎవరు చేస్తున్నారు... మీరా, మెషినా? చెప్పండి, ఒక్కొక్కటీ చదువుతాను.