ఒకటిన్నర ఇంచు తగ్గిన పొట్ట

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ అంతే. "నిద్రల సుత నీ కాలు పెడల్ తొక్కుతనే ఉంటది" అంటాడు మా ఆయన. ఇరవై రెండేళ్లకు కుట్టు మిషన్ ముందు కూర్చున్న దాన్ని, ఇంకా దాని ముందే ఉన్నాను. అమీర్‌పేటలో హాస్టళ్ల సందులో కింద నా బ్లౌజుల దుకాణం, పైన మా గది.

మా దర్జీల గుట్టు ఒకటి చెబుతాను. మేమిచ్చే తారీఖు ఉత్తిదే. పదో తారీఖుకు ఇస్తామన్న బ్లౌజు పదో తారీఖుకు కత్తెర కిందికైనా వచ్చి ఉండదు. కస్టమరు రెండుసార్లు తిరిగి, మూడోసారి గొంతు పెంచితే అప్పుడు ముట్టుకుంటాం. అందుకే పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరమ్మ నా తొలి కాన్పుకు తారీఖు చెప్పినప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాను. ఈమె కూడా నాలాగే నాలుగు రోజులు అటూ ఇటూగా చెప్పి ఉంటుందనుకున్నాను. ఆ రోజుకు నొప్పులు రాకపోతే మర్నాడే రమ్మని చీటీ మీద రాసి, కింద గీత కూడా గీసింది. నేను వెళ్లలేదు. ఆరు రోజులు వెళ్లలేదు.

శ్రావణం నడుస్తోంది. ఒకే పెళ్లివాళ్లవి పదకొండు బ్లౌజులు నా బల్ల మీద ఉన్నాయి. అన్నిటికీ మగ్గం పని, ఒక్కొక్కదానికి ఒక్కో రకం మెడ. అవి అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా అమ్మ లేదు కనుక సిరిసిల్ల నుంచి అత్తమ్మ వచ్చింది. నలభై ఏళ్లు మగ్గాల దగ్గర కండెలు చుట్టిన మనిషి. నేను కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే ఆమె నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది. దేనికీ అడ్డు చెప్పేది కాదు, ఒక్కదానికి తప్ప. పుట్టకముందు బిడ్డకు బట్టలు కుట్టకూడదు. పుట్టాక కూడా మొదట పాత బట్టలోనే చుట్టాలి, కొత్తది తగలకూడదు.

"పుట్టని బిడ్డకు కొలతెట్ల తీస్తవ్?" అనేది. "జర ఓపిక పట్టు."

ఊరందరికీ కుట్టే దాన్ని, నా బిడ్డకు ఒక్క జుబ్బా కుట్టుకునే రాత లేదు. బల్ల కింద మెత్తటి మల్లు ముక్కలు కనిపించినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి. ఆ దురద తీరక, బిడ్డ కొలత ఎలాగూ తీయలేను కదా అని, ఆదివారం ఆదివారం నా పొట్ట కొలత తీసుకోవడం మొదలుపెట్టాను. బొడ్డు మీదుగా టేపు తిప్పి, కస్టమర్ల కొలతల పుస్తకంలో చివరి పేజీలో రాసుకునేదాన్ని. ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిదిన్నర. నలభై. చివరి ఆదివారం నలభైన్నర.

తారీఖు దాటిన నాలుగో రోజు, బుధవారం, ఉబుసుపోక మళ్లీ కొలిచాను. ముప్పై తొమ్మిది వచ్చింది. టేపు మెలిక పడిందేమోనని ఇంకోసారి చూశాను. ముప్పై తొమ్మిదే.

అత్తమ్మకు చెబితే ముఖం వెలిగిపోయింది. "పొట్ట జారింది బిడ్డా! ఇగ రేపో ఎల్లుండో నొప్పులొస్తయ్. ఫికర్ జెయ్యకు."

పొట్ట జారితే కాన్పు దగ్గరపడ్డట్టని మాలో అందరూ అంటారు. జారితే కిందికి దిగుతుంది గానీ చుట్టుకొలత అంతలా ఎందుకు తగ్గుతుంది? రోజుకు పదిమంది కొలతలు తీసేదాన్ని, ఆ మాత్రం నన్ను నేనే అడగలేదు. సంతోషంగా ఆరో బ్లౌజు పైకి తీశాను.

ఆ సాయంత్రమే ఇంకొకటి జరిగింది. మిషన్ మోటారు మొదలయితే చాలు, బిడ్డ లోపల తన్నేది. ఏడో నెల నుంచీ అది మా ఇద్దరి ఆట. నేను పెడల్ నొక్కితే తను కాలు విసరాలి. బుధవారం సాయంత్రం ఎంతసేపు నొక్కినా పలకలేదు. ఎప్పటికో ఒకసారి, నిద్రలో ఒత్తిగిల్లినట్టు, కొంచెం కదిలింది. లోపల చోటు ఇరుకైంది పాపం అనుకున్నాను.

గురువారమూ అంతే. చల్లటి నీళ్లు తాగాను, బెల్లం ముక్క తిన్నాను, పక్కకు తిరిగి పడుకున్నాను. నాలుగు నిమిషాలు పడుకోలేక లేచాను. మెట్లు ఎక్కాను, దిగాను. అన్నం పెడుతూ అత్తమ్మ అడిగింది: "కదులుతున్నదా?"

"కదులుతున్నది అత్తమ్మా" అన్నాను, టక్కున. ఇంకా నాలుగు బ్లౌజులు ఉన్నాయి మరి.

శుక్రవారం పొద్దున మోటారు నడుస్తుండగా నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. నాలుగు బ్లౌజులూ అలాగే వదిలేశాను. మా ఆయన అప్పటికే సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పనికి పోయాడు. అతనికి ఫోన్ చేసి, అత్తమ్మనూ పాత బట్టల సంచినీ తీసుకుని ఆటో ఎక్కాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరం? ఒక్క మెట్రో స్టేషను. ఆ రోజు మాత్రం ప్రతి సిగ్నలూ నా మీద పగబట్టినట్టు ఆపింది.

స్కానింగ్ చేసి డాక్టరమ్మ పెదవి విరిచింది. "ఉమ్మనీరు బాగా తగ్గింది. చెప్పిన రోజుకు ఎందుకు రాలేదు? కదలికలు ఎప్పటి నుంచి తగ్గాయి?"

"ఈ పొద్దుగాల నుంచే మేడం" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. తిడుతుందని భయం. పక్కన అత్తమ్మ ఉంది, ఆమె ముందు కూడా అబద్ధమాడాను కదా, అది బయటపడుతుందని ఇంకో భయం. బిడ్డ ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు. నేను పరువు వైపు మొగ్గాను.

గుండె చప్పుడు ప్రస్తుతానికి బాగానే ఉందని, ఆలస్యం చేయకుండా నొప్పులు రప్పిస్తామని డాక్టరమ్మ చెప్పింది. తొమ్మిది గంటలకు లోపల జెల్ పెట్టారు. ఆరు గంటలాగి చూసి, కావాలంటే మళ్లీ పెట్టడమో, సెలైన్‌లో మందు ఎక్కించడమో చేస్తారట. ఆరు గంటలు! పొట్టకు బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే మిషన్‌కు తగిలించి పడుకోబెడితే నాకు ఒళ్లంతా చీమలు పాకాయి. మధ్యలో కాసేపు విప్పితే వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. కిటికీలోంచి మెట్రో పట్టాలు కనిపించేవి. రైలు వచ్చినప్పుడల్లా అక్కడ ఆగి, అది పోగానే మళ్లీ నడిచేదాన్ని. ఆ రైళ్లలో ఉన్న వాళ్లెవరికీ నా సంగతి తెలియదని ఎందుకో కోపం వచ్చింది.

"ఏంటమ్మా ఆ తిరుగుడు? కాళ్లకు చక్రాలేమైనా కట్టారా?" అంది నర్సమ్మ. భీమవరం వైపు మనిషి, మెడలో సన్నటి సిలువ గొలుసు. "మందు పని చెయ్యాలిగా. నువ్వు తొందరపడితే అది తొందరపడదు. రా, మళ్లీ బెల్టు కట్టాలి."

ఒంటి గంటకు నొప్పులు మొదలయ్యాయి. నడుములో పుట్టి ముందుకు బిగిసేవి. అవి మందు తెచ్చిన నొప్పులు, నాకు తయారయ్యే టైం ఇవ్వలేదు. ఒకటి పోయేలోపు ఇంకొకటి వచ్చేది. మిషన్‌లో బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటోంది. నేను ఆ చప్పుడుకే చెవులప్పగించాను. మోటారు చప్పుడులో చిన్న తేడా వచ్చినా పసిగట్టే చెవులు నావి. రెండున్నర ప్రాంతంలో ఒక నొప్పి తగ్గుతుండగా ఆ టకటక నెమ్మదించింది. మళ్లీ అందుకుంది. తర్వాతి నొప్పికి మళ్లీ నెమ్మదించింది, ఈసారి అందుకోవడానికి ఎక్కువసేపు పట్టింది.

నర్సమ్మ నన్ను ఎడమవైపు తిప్పి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, డాక్టరమ్మను పిలిచింది. ఆమె మిషన్ వదిలిన కాగితం మీది గీతలు చూసి నా ముఖంలోకి చూసింది. "నిజం చెప్పండి. ఎప్పటి నుంచి సరిగ్గా కదలడం లేదు?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అంది: "నిన్నటి సంది మేడం. నేనే ఏం గాదన్న. పొట్ట జారిందన్న. తప్పు నాది, దాన్ని ఏమనకుండ్రి."

నాకు నొప్పి కూడా ఆగినట్టయింది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. నా ముఖం చూసి నిన్ననే అనుమానపడి ఉంటుంది. నేను తిట్లు తినకుండా ఆ తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. అప్పుడు కలిగిన సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"కాదు మేడం" అన్నాను. "ఆమెకు తెల్వదు. ఆమెకు సుత అబద్ధం చెప్పిన. బుధవారం సాయంత్రం నుంచి తగ్గింది. పొట్ట సుత ఆదివారం నలభైన్నర ఉండె, బుధవారం ముప్పై తొమ్మిదికొచ్చింది. టేపుతోటి కొలిచిన."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కొలత సరిగ్గానే తీశారు" అంది. "మొన్ననే వచ్చుంటే..." అని ఆగి, నర్సమ్మ వైపు తిరిగి, "ఇంక మందు వద్దు. థియేటర్ రెడీ చెయ్యండి" అంది.

కోసి తీశారు. తెర అవతల ఏం జరుగుతోందో తెలియదు. ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉందని, బిడ్డ లోపలే దొడ్డికి పోయిందని ఎవరో అన్నారు. బయటికి తీశామన్నారు. ఏడుపు వినపడలేదు. జీవితంలో మొదటిసారి వేలు కూడా కదపకుండా పడుకున్నాను, కదిపితే ఏమవుతుందోనని. తర్వాత సన్నగా, పాత తలుపు కిర్రుమన్నట్టు, ఒక ఏడుపు వచ్చింది. ఆడపిల్ల. రెండు కిలోల మూడు వందల గ్రాములు. నాలుగు రోజులు అద్దాల గదిలో ఉంచి, అయిదో రోజు నా చేతికిచ్చారు. అత్తమ్మ తన పాత నేత చీర ముక్కలో చుట్టింది.

పిల్లకు ఇప్పుడు అయిదేళ్లు. నాకంటే కుదురు లేదు. చుట్టాలొస్తే అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది, "నేను తప్పు చెప్పిన గని, మా కోడలు టేపు పట్టి కనిపెట్టింది" అని. కాదని నేనంటాను. ఎవరూ నమ్మరు, కోడలికి అణకువ ఎక్కువ అనుకుంటారు.

సీమంతం బ్లౌజులకని, కుట్లు విప్పి లూజు చేయించుకోవడానికని నెలలు నిండినవాళ్లు దుకాణానికి వస్తూనే ఉంటారు. "కదులుతున్నదా?" అని అడుగుతాను. "ఆఁ, కదులుతున్నది అక్కా" అంటారు టక్కున, ఫోన్ చూసుకుంటూ. ఆ టక్కున అనడం నాకు బాగా తెలుసు. టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెడతాను. స్టూలు జరిపి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మోటారు ఆన్ చేస్తాను. కొందరు నవ్వుతారు, కొందరు లేటవుతుందని విసుక్కుంటారు. విసుక్కోనీ. లోపల బిడ్డ కదిలిందని వాళ్ల ముఖం నాకు చెప్పేదాకా, నేను కూడా కదలకుండా ఎదురుగా కూర్చుంటాను.