ఎక్కడికీ పోని వైరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏడవని మనిషంటే మా బాబాయ్ ఒక్కడే. మిగతా అందరినీ ఏడిపించే పని ఆయనది కాబట్టి, తను ఏడవడానికి ఆయనకి తీరిక ఉండేది కాదు.

మేం అప్పుడు కనెక్టికట్‌లో, హార్ట్‌ఫోర్డ్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడు నేనుండే ఆష్‌బర్న్‌లో ఏ తలుపు తట్టినా తెలుగువాళ్లే తీస్తారు గానీ, అప్పుడు ఆ ఊరు మొత్తం గాలించినా పప్పులోకి ఇంగువ అప్పిచ్చే ఇల్లు దొరికేది కాదు. మాది చెక్క మేడలో పై వాటా. కింది వాటాలో ఒక జమైకా కుటుంబం ఉండేది. ఆ కింది ఇంటి అంకుల్‌కి సొంత సౌండ్ సిస్టమ్ ఉండేది. సౌండ్ సిస్టమ్ అంటే ముందు గదిలో పెట్టుకుని పాటలు వినే పెట్టె కాదు. బీరువాలంత స్పీకర్లు, వాటిని మోసుకెళ్లే వ్యాను, హాలు అద్దెకి తీసుకుని వాళ్ల దేశపు రెగ్గే పాటలు వేసి ఊరిని ఊపేసే సరంజామా అంతా కలిపి సౌండ్ సిస్టమ్. మొదటి దెబ్బ వదిలేసి మూడో దెబ్బ మీద బరువంతా వేసే సంగీతం అది. చెవికంటే ముందు పొట్టకి వినిపిస్తుంది.

మా బాబాయ్ తెనాలిలో మైక్ సెట్ల దుకాణం అరుగు మీద పెరిగిన మనిషి. ఇంజనీరింగ్ చదువుతానని మా నాన్న చేత టికెట్ కొనిపించుకుని అమెరికా వచ్చి, కింద వాటాలో ఆ స్పీకర్లు చూసి అక్కడే ఆగిపోయాడు. "పెళ్లి పందిరి ఒక్కటే తక్కువ వదినా, మిగతాదంతా మన మైక్ సెట్టే" అని మా అమ్మకి చెప్పి, కాలేజీకి వెళ్లడం మానేశాడు. చదువు మధ్యలో మానెయ్యడం మా వంశంలో ఆయనతో మొదలైంది, నాతో పరిపూర్ణమైంది. నేను హైస్కూలు కూడా దాటలేదు. ఇక్కడి పార్టీల్లో ఎవరైనా "మీరేం చదివారు ఆంటీ" అని అడిగితే "పేపరు" అని చెప్పి గారెల వైపు వెళ్లిపోతాను.

బాబాయ్ మొదట స్పీకర్లు మోశాడు, తరువాత పాటలు వేశాడు, ఆ తరువాత అంకుల్‌తో కలిసి నేలమాళిగలో పాటలు తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. ఊళ్లో కుర్రాళ్లు వచ్చి పాడి వెళ్లేవారు. ఆయన ఆ టేపు ముందు కూర్చుని, వాళ్ల గొంతు తీసేసి, ఉత్త డ్రమ్మూ బేసూ మిగిల్చి, అక్కడక్కడ ఒక్కో మాటని మాత్రం నూతిలో పడేసినట్టు మోగించేవాడు. రెగ్గేలో అదో పద్ధతి, గొప్ప కళ కూడా. కానీ పాడిన కుర్రాడు మర్నాడు ఆశగా వినడానికి వస్తే, మా బాబాయ్ అతని భుజం తట్టి "చూశావా, నువ్వు లేకపోతే పాట ఎంత బాగుందో" అనేవాడు. ఆ కుర్రాడు నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపు ఈయన నవ్వేసేవాడు.

అలా అలా ఒక కమ్యూనిటీ రేడియో స్టేషన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఆయన చేతికి వచ్చింది. అది లాండ్రీ దుకాణం పైన ఉండేది. జీతాలు ఎవరికీ లేవు. ఎవరికి వాళ్లు రికార్డులు చంకన పెట్టుకుని వచ్చి, వేసి, వెళ్లిపోయేవారు. మా ఇంట్లో మాత్రం ఆ గంటసేపు గిన్నె కూడా చప్పుడు చెయ్యకూడదు.

నాకు అప్పుడు పదేళ్లుంటాయి. నోరు అప్పటికే ముప్పై ఏళ్లది. మైక్ సెట్ గొట్టంలా మోగుతానని బాబాయ్ నన్ను "గొట్టం" అని పిలిచేవాడు. ఒకరోజు అన్నాల దగ్గర నేను, "పాటలు బాగుంటాయి బాబాయ్, మధ్యలో నువ్వు మాట్లాడితేనే బస్ కండక్టర్ స్టాపులు చెబుతున్నట్టు ఉంటుంది" అన్నాను. మా అమ్మ పక్కుమంది. ఆయన్ని చూసి ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. ఆయన ముద్ద మింగి, మంచినీళ్లు తాగి, చాలా నిదానంగా అన్నాడు: "అయితే వచ్చే ఆదివారం నువ్వే చెయ్యవే గొట్టం. గంటంతా నీదే."

ఆ వారం నేను నేల మీద నడవలేదు. నాకంటే ఎక్కువగా మా అమ్మ నడవలేదు.

మా అమ్మ అప్పుడు కొవ్వొత్తుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. సాయంత్రం ఇంటికొస్తే ఒంటినిండా వెనిలా వాసన. కేకులా ఉన్నావని మేం వేళాకోళం చేసేవాళ్లం. అక్కడి ఆడవాళ్లు ఆమెని చేసే వేళాకోళం వేరు. అమ్మ ఇంగ్లీషు మాట్లాడితే ఒకామె అదే మాటని అదే యాసలో తిప్పి అనేది, ప్యాకింగ్ లైన్ అంతా నవ్వేది. అమ్మ కూడా నవ్వేది. ఇంటికొచ్చి నాతో ఆ మాటని పదిసార్లు పలికించుకుని సరిచేసుకునేది. అలాంటి అమ్మ కూతురు అమెరికా రేడియోలో, అమెరికా ఇంగ్లీషులో గంటసేపు మాట్లాడబోతోంది. అమ్మ లైన్‌లో ప్రతి ఒక్కరికీ చెప్పింది. క్రిస్మస్ ముందు ఆదివారాలు కూడా పని ఉండేది. సూపర్‌వైజర్‌ని బతిమాలి ఒప్పించి, ఇంట్లో రేడియోని తువ్వాలులో చుట్టుకుని పసిపిల్లని ఎత్తుకెళ్లినట్టు తీసుకెళ్లింది.

బాబాయ్ నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లి ఒక గదిలో కూర్చోబెట్టాడు. మైకు, రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్లు, వరసగా మీటలు, గోడమీద ఎర్ర దీపం. అద్దం అవతల ఆయన, కింది ఇంటి అంకుల్, ఇంకో ఇద్దరు. దీపం వెలిగింది. నేను "హలో హార్ట్‌ఫోర్డ్" అని మొదలుపెట్టాను. ఊరంతా నాకు బాకీ ఉన్నట్టు మాట్లాడాను. పాటకీ పాటకీ మధ్య జోకులు వేశాను, మా టీచర్ తుమ్మితే ఎలా ఉంటుందో తుమ్మి చూపించాను, మూడు పాటలకొకసారి మా అమ్మ పేరు చెప్పాను. ఇన్నేళ్ల తరువాత కూడా చెబుతున్నాను, అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ చెయ్యలేదు.

మధ్యలో, అద్దం అవతల బాబాయ్ లేనప్పుడు, ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి. కొవ్వొత్తుల కంపెనీ నుంచి మాట్లాడుతున్నానంది. మేమందరం పని ఆపి వింటున్నాం తల్లీ, మీ అమ్మ సంతోషం పట్టలేక ఏడుస్తోంది అంది. నేను ఫోన్ పెట్టేసి, పాట కాస్త ముందే వేసేశాను.

గంట అయిపోయింది. బాబాయ్ తలుపు తీసి, "దా, నీ ప్రోగ్రాం ఎలా వచ్చిందో విందువుగాని" అని పక్క గదిలోకి తీసుకెళ్లాడు. అచ్చం అలాంటి గదే. అలాంటి మైకే, అలాంటి దీపమే. అక్కడ ఒక టేపు తిరుగుతోంది. స్పీకర్లో ఎవరో పాస్టరు పాపుల గతి గురించి ప్రసంగం ముగిస్తున్నాడు. హార్ట్‌ఫోర్డ్ ఆ గంటసేపూ విన్నది ఆయన్ని. నేను కూర్చున్నది కొత్తవాళ్లు పని నేర్చుకునే గది. బాబాయ్ నా మైకు వైరు చేత్తో పట్టుకుని బల్ల వెనక్కి తీసుకెళ్లి, గాలిలో వేలాడే కొస చూపించి, "ఇది ఎక్కడికీ పోదే గొట్టం" అన్నాడు. ఆ తరువాత గొంతు సన్నగా చేసి, కొవ్వొత్తుల కంపెనీ ఆడమనిషిలా, "మీ అమ్మ ఏడుస్తోంది తల్లీ" అన్నాడు.

ఇద్దరు మిత్రులూ గోడకి చేరబడి మరీ నవ్వారు. కింది ఇంటి అంకుల్ మాత్రం నవ్వలేదు. చిన్నపిల్లతో ఇదేం పని అని ముందే చెప్పాను కదా అన్నట్టు తల అడ్డంగా ఊపి, టోపీ తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను ఏడవలేదు. "అమ్మ రేడియో తీసుకెళ్లింది" అన్నాను.

బాబాయ్ ఇంకా నవ్వుతూనే, "ఏ రేడియో" అన్నాడు.

"మన రేడియో. తువ్వాల్లో చుట్టి. లైన్‌లో అందరికీ చెప్పింది."

ఆయన నవ్వు వెంటనే ఆగలేదు. పొయ్యి ఆపిన గిన్నెలో పాల పొంగులా కొంచెం కొంచెంగా తగ్గింది. వదిన రేడియో పట్టుకెళుతుందని ఆయన అనుకోలేదట. దారిలో నడుస్తూ, క్షమించమని అడగడం చేతకాక, పాఠం చెప్పాడు. "డాన్సు హాల్లో జనం కాళ్లు కనబడతాయే. పాట నచ్చకపోతే బయటికి పోతారు, తెలిసిపోతుంది. రేడియోలో ఏమీ కనబడదు. నేను మొదలుపెట్టిన కొత్తలో ఎవరూ వినడం లేదేమో అని నాకు చెమటలు పట్టేవి. ఎవరూ వినకపోయినా గంటసేపు మాట్లాడగలిగినవాళ్లే అక్కడ కూర్చోవాలి. నువ్వు మాట్లాడావు." నిజమే చెప్పాడు. ఆ మాట మామూలుగా, మజ్జిగ పోస్తూ కూడా చెప్పొచ్చు.

సాయంత్రం అమ్మ వచ్చింది. చంకలో తువ్వాలు చుట్టిన రేడియో, వెనకే వెనిలా వాసన. చెప్పులు విడుస్తూనే, నేను నోరు తెరవకముందే, "విన్నానే. ఎంత బాగా మాట్లాడావో" అంది.

బాబాయ్ సోఫాలో ఉన్నాడు. అప్పుడైనా ఊరుకోవచ్చు. కానీ ఏడిపించడం అలవాటైన నోరు, దానంతట అదే తెరుచుకుంటుంది. "ఏ పాట నచ్చింది వదినా?" అన్నాడు.

"నీ పాటలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదయ్యా" అంది అమ్మ, రేడియోని తువ్వాల్లోంచి తీస్తూ. "నేను విన్నది దాని మాట."

"ఏమని మొదలుపెట్టింది?"

అమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "అందరికీ నమస్కారం అంది. చక్కగా, తెలుగులో. మా లైన్ వాళ్లందరికీ నేనే అర్థం చెప్పాను."

నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. నా జీవితంలో ఆయన మొహం మీద మొహం తప్ప ఇంకేమీ లేకుండా చూడటం అదే. "అవును వదినా" అన్నాడు, "అలాగే మొదలుపెట్టింది." నేను కూడా అవునమ్మా అన్నాను. ముగ్గురం ముగ్గురికీ అబద్ధం చెప్పి, కూర్చుని అన్నం తిన్నాం.

కొన్నాళ్లకి బజార్లో అమ్మతో ఉండగా, ఆ కంపెనీ ఆడమనిషి ఒకామె ఎదురై, చేతులు జోడించి కళ్లు ఆకాశం వైపు తిప్పి, "పాస్టరుగారూ, మా పాపాలు క్షమించారా" అని అడిగి, తన జోకుకి తనే పడి పడి నవ్వింది. అమ్మ నవ్వింది. ఆమె దాటిపోయాక, "అక్కడ అందరూ సరదా మనుషులు" అంది. అమ్మ ఆ పని మానేసేదాకా లైన్‌లో ఆమె పేరు అదే.

కానీ అది తరువాత. ఆ మరుసటి ఆదివారం బాబాయ్ నన్ను మళ్లీ స్టేషన్‌కి తీసుకెళతానన్నాడు. ఈసారి నిజంగా. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇవాళ కూడా ఉంది వదినా, దీని ప్రోగ్రాం" అని మా అమ్మకి రెండుసార్లు చెప్పాడు. అమ్మ అన్నం డబ్బా కట్టుకుంటూ "సరే సరే" అంది. మేం బయల్దేరేటప్పుడు చూశాను. అమ్మ ఎప్పుడో వెళ్లిపోయింది. రేడియో వంటింట్లో, ఉప్పు డబ్బా పక్కన ఉంది.

బాబాయ్ కూడా చూశాడు. స్టేషన్‌లో నన్ను సరైన గదిలో కూర్చోబెట్టి, మైకు వైరు గోడలోకి ఎక్కడికి వెళుతుందో వంగి చూపించి, ఊళ్లోకి వెళ్లే మాట వినబడే హెడ్‌ఫోన్లు నా తలకి తగిలించాడు. ఎర్ర దీపం వెలిగింది. వాన పడుతోంది, బస్సులు తిరుగుతున్నాయి, కింద లాండ్రీలో యంత్రాలు తిరుగుతున్నాయి, ఊరంతా ఉంది. నాకు కావలసిన మనిషి ఒక్కతే వినడం లేదు. ఆ సంగతి మొదటి మాటకి ముందే నాకు తెలుసు. అయినా గంటంతా మాట్లాడాను. తుమ్మి చూపించలేదు.

సాయంత్రం అమ్మ వచ్చింది. చెప్పులు విడుస్తూ, "విన్నాను. పోయినసారి కంటే బాగుంది" అంది. రేడియో మా ఇద్దరి మధ్య, ఉప్పు డబ్బా పక్కనే ఉంది. నేను దాని వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను. అమ్మ కూడా.

బాబాయ్ పాఠం పదేళ్ల పిల్లకి ఎక్కింది. అది ఎక్కడానికి మా అమ్మని పాస్టరుని చెయ్యడం అవసరమా అని ఆయన బతికున్నన్నాళ్లూ అడుగుదామనుకున్నాను. వేళాకోళంగా చాలాసార్లు మొదలుపెట్టాను కూడా. ఆయన ఎప్పుడూ మాట మార్చి ఏదో రికార్డు వేసేవాడు.

ఇప్పుడు నాకూ ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో ఆదివారం మధ్యాహ్నం రెగ్గే గంట ఉంది. గుళ్లో ఎవరో కుర్రాళ్లు ఎదురై, "ఆంటీ, మొన్న డ్రైవ్ చేస్తూ మీ షో విన్నా, సూపర్ ఆంటీ" అంటారు. థాంక్స్ నాన్నా అంటాను. ఏ పాట అని అడగను. అడిగితే సరదాగానే ఉంటుంది, నాకు తెలుసు, ఆ నోరు నాకూ వచ్చింది. అయినా అడగను.

మైకు తెరిచి మొదటి మాట మాత్రం ఊరికి చెప్పను. పొద్దున్నే డబ్బా కట్టుకుని, రేడియోని చూసి, దాన్ని అక్కడే వదిలేసి పనికి వెళ్లిపోయిన ఒక మనిషికి చెబుతాను. ఆమె వినదని తెలుసు. ఆమె దగ్గర గొప్పలు పోవాలనిపించదు. ఆ తరువాత ఎవరైనా వింటే వినొచ్చు.