వాన మాట లేని అగ్రిమెంటు

ఇది రాయకూడదనే అనుకున్నాను. పోయినవాళ్లందరి మీదా రాస్తూ కూర్చుంటే ఈ కదిరి బజారులో నాకు బీడీలు అమ్ముకునే తీరికుండదు. కానీ మొన్న పొద్దున అంగడి తలుపు తీస్తుంటే ఎదురు టీకొట్టతను, "మిషనన్న పోయినాడంటప్పా" అన్నాడు. ముందురోజు సాయంత్రమే నా దగ్గర అగ్గిపెట్టె తీసుకుపోయిన మనిషి! తాళం చేతిలోనే ఉండిపోయింది. తలుపు తీయాలో వేయాలో తోచలేదు.

కుట్టుమిషన్లు బాగుచేసేవాడు కాబట్టి ఊరంతటికీ మిషనన్న. మా అంగళ్లు రెండింటికీ ఒకటే గోడ. నేను బడికి పోలేదు, పొట్లాలు కట్టే పాత పేపర్లలో అక్షరాలు నేర్చుకున్నాను. చిరిగిన పేపర్లు కదా, ఎన్నో దొంగతనాల్లో దొంగ దొరికాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. సరే, అన్న సంగతి.

మద్రాసు నుంచి మన రాష్ట్రం వేరుపడిన కొత్తల్లో ఒక కంపెనీ ఆయన అన్నకు ఏజెన్సీ ఇచ్చాడు. ఐదేళ్లు వాళ్ల మిషన్లే అమ్మాలి, వేరే కంపెనీ మిషను ముట్టకూడదు, రోజూ అంగడి తీయాలి. నీలం రేకు బోర్డు ఎక్కించిన రోజు అన్న వీధంతా చక్కెర పంచాడు. రెండో ఏడు వాన తప్పింది. మేత కొనలేక ఎద్దుల్ని తోలేస్తున్నవాళ్లు మిషన్లు కొంటారా? అన్న బోర్డు దించి, గుడ్డతో తుడిచి, అంగడికొచ్చిన కంపెనీ ఆయన ముందు పెట్టాడు.

"తీసుకపో సారూ. వానల్లేవు కదా, ఇంతటితో చాలు."

"మధ్యలో వదిలేస్తే మిగతా ఏళ్లన్నిటికీ పరిహారం కట్టాలి. అగ్రిమెంటు మీద సంతకం చేశారుగా."

మా వైపు చేను కౌలుకు, మా మాటలో గుత్తకు, ఇచ్చినవాడు వాన తప్పిన ఏడు గుత్త అడగడు. కాగితంలో ఎవరూ రాయరు, అందరికీ తెలుసు. అన్న దీన్నీ గుత్త కాగితమే అనుకున్నాడు.

"వాన రాకున్నా కట్టల్లనా?"

"వాన సంగతి ఇందులో ఎక్కడుందండీ?"

అన్న నావైపు చూశాడు. కాగితం తీసుకుని కూడబలుక్కుని మొత్తం చదివాను. వాన మాట లేదు. ఆ పరిహారానికి అన్న ఇల్లమ్మినా చాలదు. వాన పడిందా అని అడగని కాగితం ఒకటుంటుందని అంతవరకూ నాకూ తెలీదు.

బోర్డు మళ్లీ ఎక్కించాడు. గడువు తీరేదాకా రోజూ దాని కింద కూర్చున్నాడు. వదిన రవికెలు కుట్టి సంసారం లాగింది. ఒకసారి బత్తలపల్లె నుంచి ఒకాయన పాత మిషను బస్సులో వేసుకొచ్చాడు.

"దారం తెగుతాండాది, చూడన్నా."

"ముట్టుకోకూడదప్పా."

"ఏమన్నా, మైలా?"

"నాకు గాదప్పా, కాగితానికి."

ఇద్దరూ నవ్వారు. ఆయన పోయాక అన్న చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు.

ఆ ఖాళీ ఏళ్లలో రోజూ నాచేత పేపరు చదివించుకునేవాడు. తడబడితే, "మళ్లా సదువు" అనేవాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలిగానంటే ఆ పుణ్యమే.

గడువు తీరిన రోజు బోర్డు దించి గోనెపట్టాలో చుట్టాడు. వచ్చి తీసుకుపోతామన్న కంపెనీవాళ్లు రాలేదు. పారెయ్యమంటే, "పారేస్తే కాగితంలో దానికేం రాసినారో" అనేవాడు. ప్రతి పండక్కీ విప్పి, తుడిచి, మళ్లీ చుట్టేవాడు. ఎవరు చేను గుత్తకు తీసుకుంటున్నా, "వాన మాట రాయించుకోండప్పా" అనేవాడు. నవ్వేవాళ్లు. ఇప్పుడు రాయించుకుంటున్నారు.

నిన్న వాళ్లింటికి పోయాను. వదిన గడప లోపలినుంచి అడిగింది.

"ఏమప్పా, ఈ బోర్డేం చేసేది?"

"వాళ్లింక రారు వదినా" అన్నాను.

నీళ్ల తొట్టికి మూత లేదు. వదిన బోర్డు తెచ్చి దానిమీద పెట్టింది. సరిపోయింది.