మహబూబాబాద్ లాగిన్

నాకు మొదట్నుంచీ అనుమానం ఎక్కువ. బస్సులో పక్కాయన కునుకు తీస్తున్నా నా జేబు తడుముకుంటాను. అందుకే కాబోలు, మా జూనియర్ కాలేజీ వాళ్లు ఫైళ్ల కాపలా నాకు అప్పజెప్పారు. కాలేజీకి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో మూడు బ్రాంచీలు. ఫైళ్లన్నీ జనగామలో నా టేబుల్ పక్కనున్న ఒక కంప్యూటర్ పెట్టెలోనే ఉంటాయి. మిగతా రెండు ఊళ్ల వాళ్లు వాటిని ఇంటర్నెట్ మీద తెరుచుకుంటారు. ఏ ఫోల్డర్ ఎవరికి కనిపించాలో కాలేజీ నడిపే పెద్దసార్ చెబుతారు, తాళాలు వేసేది నేను.

ప్రీఫైనల్ పరీక్షలకు వారం ముందు, ఎవరు ఏ ఫైలు తెరిచారో ఎప్పటిలాగే చూస్తున్నాను. ఫిజిక్స్ ప్రశ్నపత్రాన్ని మహబూబాబాద్ క్లర్కు లాగిన్‌తో తెరిచినట్టు కనబడింది. ఆమె నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వచ్చే అమ్మాయి. చెల్లెలు అదే బ్రాంచిలో ఇంటర్ రెండో సంవత్సరం. నాకు ఇంకేం కావాలి? కథంతా అల్లేసుకున్నాను. ఆమె ఇంటివాళ్లతో ఫోన్లో తమ భాషలో మాట్లాడటం కూడా ఏదో దాచడానికే అనిపించింది.

వెంటనే ఫోన్ చేశాను.

"పరీక్ష పేపర్ ఎందుకు తెరిచినవమ్మా?"

"ఏ పేపర్ సార్? నేను టైంటేబుల్ ప్రింటు తీసిన, గంతే."

నేను మళ్లీ అడగకుండానే అదే మాట ఇంకోసారి చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటోంది అనుకున్నాను. పెద్దసార్‌కు చెప్పి ఆమె లాగిన్ ఆపేశాను. అక్కడితో ఊరుకున్నానా? మూడు బ్రాంచీల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను: "ప్రశ్నపత్రం తెరిచినందున మహబూబాబాద్ క్లర్కు లాగిన్ నిలిపివేయడమైనది." ఆమెది ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం, నెలాఖరుకు పొడిగించాలి. ఈ సంగతి తేలేదాకా పొడిగించేది లేదన్నారు పెద్దసార్.

నాలుగు రోజులు ఆమె తెరుచుకోని కంప్యూటర్ ముందు సాయంత్రం దాకా ఊరికే కూర్చుని వెళ్లిందట. ఆ మాట విన్నప్పుడు నాకు జాలి కలగలేదు. దొంగను పట్టానన్న గర్వమే ఉంది.

ఐదో రోజు నేనే రైలెక్కి మహబూబాబాద్ వెళ్లాను, ఆమె కంప్యూటర్‌లో ఇంకేమైనా దొరుకుతుందేమోనని. ఆమె పక్కన నిలబడి ఉంది, నేను వెతుకుతున్నాను. అంతలో భూపాలపల్లి క్లర్కు ఫోన్ చేశాడు. నిమ్మళంగా మాట్లాడే మనిషి.

"సార్, టైంటేబుల్ ఫోల్డర్ల ఫిజిక్స్ పేపర్ గూడ ఉన్నది. దాన్ని గూడ ప్రింటు తీసి నోటీసు బోర్డుకు పెట్టాల్నా?"

ఫోల్డర్లు తెరిచి చూశాను. తొందరలో ప్రశ్నపత్రాల ఫోల్డర్‌ను టైంటేబుల్ ఫోల్డర్ లోపల పెట్టింది నేనే. విడిగా తాళం వేయకపోతే లోపలి ఫోల్డర్‌కు బయటిదాని అనుమతులే వస్తాయి. ఆ తాళం మరిచిపోయాను. టైంటేబుల్ చూడగలిగిన ప్రతి ఒక్కరికీ ప్రశ్నపత్రం కనబడుతూనే ఉంది. ఆమె ఏదో అనుకుని తెరిచి మూసేసి ఉంటుంది.

అక్కడి నుంచే తాళం వేశాను. రెండు నిమిషాల పని. ఇంకో రెండు నిమిషాలు ఖర్చు పెడితే ఎవరు ఏం తెరిచారన్న జాడ కూడా తుడిచెయ్యొచ్చు. దాన్ని చూసేది నేనొక్కణ్ణే. తుడవలేదు గాని ఆ ఆలోచన వచ్చింది, సిగ్గు విడిచి చెబుతున్నాను.

"నీ లాగిన్ మళ్ల ఇచ్చినమ్మా. ఏదో టెక్నికల్ ప్రాబ్లం" అన్నాను.

"టెక్నికల్ అంటె ఏంది సార్? ఎవలు చేసిన్రు?"

"నేనే."

"నా మీద మాట గ్రూపుల పెట్టిన్రు గద. పేపర్ నీకు ముందే దొరికిందా అని మా చెల్లెను క్లాసుల అందరు అడుగుతున్నరు. గిది గూడ గ్రూపులనే పెట్టున్రి."

"సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టి చెరిపేశాను. "పొరపాటు జరిగింది" అని రాసి అదీ చెరిపేశాను. ఆమె కదలకుండా చూస్తోంది. చివరికి రాశాను: "ఫోల్డర్ అనుమతుల్లో తప్పు చేసింది నేను. క్లర్కు తప్పు ఏమీ లేదు." గ్రూపులో పంపేశాను.

పెద్దసార్ నన్ను నానా మాటలూ అన్నారు. ప్రశ్నపత్రాలు మళ్లీ తయారు చేయించారు. ఆమె కాంట్రాక్టు పొడిగించారు.

ఇప్పటికీ నేను మహబూబాబాద్ వెళితే, ఆమె పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డుకు ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నేను తలుచుకుంటే ఆ పాస్‌వర్డ్ క్షణంలో మార్చగలనని ఆమెకు తెలుసు. అయినా చెయ్యి తియ్యదు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడతాను.