సంబంధం మాట్లాడబోతే రెడ్ వైన్

మాది ఎమ్మిగనూరు. నేను స్కూలు టీచర్ని. రెండేళ్ల క్రితం మా అమ్మాయి సంబంధం మాట్లాడటానికి నేనూ, మా ఆవిడా ఆదోని వెళ్లాం. పెళ్లికొడుకు తండ్రి బెంగళూరు దగ్గర వైన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. భోజనానికి ముందు ఆయన రెండు గ్లాసుల్లో రెడ్ వైన్ పోసి మా ముందు పెట్టాడు.

"ఇది రోజూ తాగేదన్నా. ఇది పదేండ్లు దాసిపెట్టింది. రుచి సూసి ఏది బాగుందో సెప్పండి" అన్నాడు.

మా ఇంట్లో మందు వాసన కూడా ఎరగం. తాగితే తాగుబోతుననుకుంటారేమో, తాగకపోతే అవమానించాననుకుంటారేమో. ఆయన మర్యాద చేస్తున్నాడో, పరీక్ష పెడుతున్నాడో అర్థం కాక గ్లాసుల వైపే చూస్తూ కూర్చున్నాను.

అంతలో మా ఆవిడ రెండు గ్లాసుల్లోంచీ ఒక్కో గుక్క తాగేసింది.

"మొదటిది పచ్చి నేరేడుకాయ మాదిరి నాలుక పట్టేసిందన్నా. పాతది మెత్తగా దిగిపోయింది. ఇదే బాగుంది" అంది.

"సరిగ్గా సెప్పినావమ్మా!" అంటూ ఆయన పడీపడీ నవ్వాడు. సంబంధం ఆ పూటే ఖాయమైంది.

తిరిగి వస్తూ బస్సులో, "నీకు ఇదెప్పుడు అలవాటైంది?" అని అడిగాను.

"ఈ పొద్దే. మీరు బిగుసుకొని కూసుంటే ఎవరో ఒకరు తాగాల గదా" అంది.

ఇప్పటికీ వాళ్లింటికి వెళితే వియ్యంకుడు ఆమెకే గ్లాసు అందిస్తాడు. ఆ రోజు నన్ను పరీక్షించాడో లేదో అడగడానికి మాత్రం నాకింకా ధైర్యం రాలేదు.