బావకు పెట్టిన సారీ

మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా మిద్దెల మీద నాలుగు తొట్లు పెట్టుకున్న వాళ్ళంతా అందులో ఉన్నారు. ఒకసారి ఇద్దరు వియ్యపురాళ్ళు కరివేపాకు దగ్గర మొదలుపెట్టి పెళ్ళి భోజనాల దాకా పోయారు. ఆ దెబ్బతో నేనొక రూలు పెట్టాను. గ్రూపులో చుట్టరికాలు తేకూడదు, అందరూ సభ్యులే.

తిరుత్తణిలో మా బావ ఉన్నాడు, మా అక్క మొగుడు. మగ్గం అమ్మేశాక మిద్దె ఎక్కాడు. మిగిలిన పడుగు నూలుతో పందిరి కట్టి సొరతీగ పాకించాడు. పెళ్ళిపీటల నాటి నుంచి ఆయన్ని ఆటపట్టించడం నా హక్కు. మరదలు బావను ఏడిపించకపోతే మా ఇళ్ళల్లో ఆ పిల్లకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. అక్క పోయాక ఆయన మాటలు తగ్గించేశాడు. నేను ఏదో ఒకటి అంటేనే నోరు తెరుస్తాడు. అందుకే వదలకుండా అంటూ ఉంటాను.

ఒకరోజు పొద్దున ఆయన సొరకాయను చంకనెత్తుకుని ఫోటో పెట్టాడు. "ఇద్దరిలో ఎవరికి పొట్ట ఎక్కువో చెప్పినవాళ్ళకు విత్తనాలు ఫ్రీ" అని రాశాను.

అంతే. తిరునిన్రవూరు రిటైర్డ్ టీచరమ్మ ఇది బాడీ షేమింగ్ అంది. కడంబత్తూరు రైతు ఒకాయన "సొరకాయకు పొట్ట లేకుంటే ముల్లంగికి ఉంటాదా?" అని వాయిస్ పెట్టాడు. తమిళంలో కొందరు, తెలుగులో కొందరు కొట్టుకున్నారు. మధ్యాహ్నానికి ఆరుగురు లెఫ్ట్. వాళ్ళలో ఒకాయన తన కోసం ఎవరైనా బాధపడ్డారేమో చూద్దామని సాయంత్రమే మళ్ళీ చేరాడు. మిగిలినవాళ్ళంతా అడ్మిన్ క్షమాపణ చెప్పాల్సిందే అన్నారు. బావ ఒక్క ముక్క రాయలేదు. చుట్టరికం చెప్పుకుందామంటే నా రూలే అడ్డం. చివరికి "గౌరవనీయ సభ్యుడు గారి మనసు నొప్పించినందుకు చింతిస్తున్నాను" అని ఆఫీసు భాషలో పెట్టాను. అందరూ దణ్ణాల బొమ్మలు పంపారు. బావ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. నాకు నిజంగా భయం వేసింది. ఆదివారం లోకల్ రైలెక్కి తిరుత్తణి వెళ్ళాను. తలుపు తీసి, "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. ఏడుపొచ్చింది.

"పొట్ట అన్నందుకే ఇంత రోషమా బావా?"

"పొట్ట అన్నందుకు కాదు మే. సారీ అన్నందుకు. మీ అక్క ఉండంగా ఏనాడైనా నాకు సారీ చెప్పినావా? గారు అంట, గారు! నేనేమన్నా పరాయోణ్ణా?"

"మరి ఆ పొద్దంతా నోరు మూసుకోని యాడ పోయినావు?"

"యాడికీ పోలేదు. నీకు జవాబు రాస్తా ఉండినాను. అయ్యేలోపల నీ సారీ వచ్చేసింది."

క్యాలెండర్ కాగితం చేతిలో పెట్టాడు. వెనక ఐదారు కొట్టివేతల కింద ఒక్క వాక్యం మిగిలింది: 'ఇది నా పొట్ట కాదు, మొన్న నువ్వు పెట్టిన ఇడ్లీలు, ఇంకా కరగలేదు.'

అక్కడే కూర్చుని రూలు తీసేశాను, ఆయన్ని మళ్ళీ చేర్చాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ వాక్యం గ్రూపులో పెట్టాడు. క్షణంలో టీచరమ్మ వచ్చింది. ఆడమనిషి వంటను అలా అంటారా, అడ్మిన్‌కి సారీ చెప్పండి అంది.

ఈసారి బావ కాగితం తీయలేదు.

"చెప్పను" అని రాశాడు. "ఆమె నా మరదలు."