ఖాళీగా ఉంటే ఆగిపోయే కంప్యూటర్

లాక్‌డౌన్ల తర్వాత వచ్చిన రెండో ఎండాకాలంలో మా కంపెనీ నన్ను సోలాపూర్ సర్వీసు కేంద్రానికి సీనియర్ ఇంజనీరుగా పంపింది. నా ఉద్యోగంలో అదే చివరి పోస్టింగు. నేతలోనే బొమ్మలు తేల్చే జకార్డ్ మగ్గాలకు డిజైన్లు తయారుచేసే కంప్యూటర్ల మరమ్మతు మా బాధ్యత.

ఒక మధ్యాహ్నం కుంఠా నాకా కూడలి దగ్గరున్న మల్లేశం గారి మరమగ్గాల కార్ఖానా నుంచి ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి డిజైనర్ రేణుక కుర్చీ వదలకుండా మౌసు కదిలిస్తూ కూర్చుంది. పొద్దుటి నుంచి అన్నానికి కూడా లేవలేదని మల్లేశం గారు చెప్పారు. ఇద్దరివీ తరాల కిందట తెలంగాణ నుంచి ఇక్కడికి వలస వచ్చిన నేత కుటుంబాలు.

"నేను చెయ్యి తీసిన్నంటే ఇది బంద్ పడ్తది సార్. పొద్దున మస్తు సార్లు బటన్ నొక్కినంక సురూ అయింది. మల్ల పడితె లేస్తదన్న భరోసా లేదు," అంది రేణుక.

అది మల్లేశం గారి మేనల్లుడు విడిభాగాలు కొని సొంతంగా బిగించిన యంత్రం. ప్రాసెసర్‌ను తయారీ కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపేలా మార్చాడు. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. వేడి పెరగకుండా వోల్టేజీ కాస్త తగ్గించాడు కూడా.

ముందు నేను వేడినే అనుమానించాను. ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే పరీక్షను కొద్ది నిమిషాలు నడిపితే కంప్యూటర్ నిక్షేపంగా పనిచేసింది. పరీక్ష ఆపిన కాసేపటికే తెర నల్లబడింది. మళ్లీ లేచినప్పుడు డిస్కులో లోపాలున్నాయన్న హెచ్చరిక కనిపించింది.

కారణం అప్పుడు అర్థమైంది. పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా కోసం తన వోల్టేజీని తానే తగ్గించుకుంటుంది. అప్పటికే తగ్గించి ఉన్న వోల్టేజీ ఇంకా తగ్గేసరికి నిలబడలేక ఆగిపోతోంది. అలా హఠాత్తుగా ఆగిన ప్రతిసారీ డిస్కు దెబ్బతింటోంది.

కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే తెరుచుకునే బయోస్‌లోకి వెళ్లి సెట్టింగులు సరిచేయాలంటే రీస్టార్ట్ చేయాలి. ఆ డిస్కు ఇంకొక్కసారి లేస్తుందన్న నమ్మకం నాకు లేదు. వేరే కాపీ ఉందా అని అడిగితే మల్లేశం గారు తల అడ్డంగా ఊపారు. వాళ్ల నాన్న గ్రాఫ్ కాగితాల మీద వేసిన చద్దర్ల డిజైన్లన్నీ రేణుక ఏళ్ల తరబడి ఇందులోకి ఎక్కించిందట. కాగితాలు ఒక వానాకాలం తడిసి ముద్దయ్యాయట.

"మా నాయిన చేతిపని దీన్లనే ఉంది సార్. ఇంకేడ లేదు," అన్నారాయన.

ముందు ఫైళ్లు కాపాడాలి, ఆ తర్వాతే మరమ్మతు. కానీ కాపీ చేసే పని ప్రాసెసర్‌కు పెద్ద భారం కాదు. మధ్యమధ్య ఖాళీ అయితే ఆగిపోతుంది. అందుకని భారం పరీక్షను మళ్లీ మొదలుపెట్టి, దాని పక్కనే ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేయడం ప్రారంభించాను.

ఉష్ణోగ్రత ఎక్కడం మొదలైంది. పక్క పలక తీసి చూస్తే ఫ్యాను రెక్కలకు నూలు దుమ్ము పట్టి ఉంది. రేణుక టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టింది. రేకుల కప్పు కింద అది వడగాలినే విసిరింది. తెర మీది అంకె హద్దుకు చేరుతోంది. అది దాటితే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

"టెస్ట్ ఆపుదామా సార్?" అంది రేణుక.

"ఆపితే ఖాళీ అవుతుందమ్మా. అప్పుడు తప్పకుండా పడిపోతుంది," అన్నాను.

భారం సగానికి తగ్గించాను. ఇది ఊహ మాత్రమే. అంత భారం ప్రాసెసర్‌ను మెలకువగా ఉంచుతుందో లేదో నాకూ తెలియదు. మల్లేశం గారు తెర చూడలేక గుమ్మం వైపు తిరిగి నిలబడ్డారు. అంకె కాసేపు కదలకుండా నిలిచి, మెల్లగా దిగింది. కాపీ పూర్తయింది. బయటి డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలించి ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాం. రెండు తెరుచుకోలేదు. వాటి చద్దర్లు మల్లేశం గారి ఇంట్లో ఉన్నాయి, నేత చూసి మళ్లీ గీస్తానంది రేణుక.

ఆ తర్వాతే రీస్టార్ట్ చేశాను. పాత డిస్కు లేవలేదు. కొత్తది వేసి, ఓవర్‌క్లాకింగ్ తీసేసి, వోల్టేజీని తయారీ కంపెనీ విలువలకు తెచ్చాను. వేగం తగ్గింది. పని ఆగలేదు.

భారం మోయగలిగినంత మాత్రాన యంత్రం బాగున్నట్టు కాదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ కంప్యూటర్‌నైనా పనిలో పెట్టి పరీక్షించాక, ఏ పనీ ఇవ్వకుండా వదిలి కూడా చూసి, అప్పుడే అప్పగించాను.